చెట్లకు పేర్లుండవన్నాను

మొన్న మా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. చిన్న కాలేజీలతో కలిసి పరిశోధన నడిపించే పని ఆమెకు అప్పగించారట. "ఆ పని మీరు పన్నెండేళ్లు చేశారని చెప్పారండీ. ఎలా మొదలుపెట్టాలో చెప్తారా?" అని అడిగింది. కాఫీ ఇప్పించి గంటసేపు చెప్పాను. పథకం ఎలా వచ్చింది, ఎన్ని కాలేజీలు తిరిగాను, ఎవరెవరు మెచ్చుకున్నారు, అన్నీ చెప్పాను. పాపం, శ్రద్ధగా రాసుకుంది. ఆమె గేటు దాటాక మా ఆవిడ లోపలి నుంచి, "ఆ బిళ్లల సంగతి చెప్పారా?" అంది.

చెప్పలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు పని నేర్పింది ఆ ఒక్క సంగతే. సరిగ్గా దాన్నే దాటేశాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి కంట పడితే, ఆ రోజు రాసుకున్న కాగితాలు పక్కన పెట్టి ఇది చదువుకోమని మనవి.

స్టేషను ఒకచోట, ఊరు ఒకచోట

యాభైల చివర్లో, పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్న కాలేజీలకు చేయూతనివ్వాలని ఒక పథకం వచ్చింది. మా వృక్షశాస్త్ర విభాగం వాటాకి నూజివీడులో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న ఒక కాలేజీ వచ్చింది. మా విభాగంలో ఆ పని ఎవరికీ అక్కర్లేదు. అందరికంటే చిన్న లెక్చరర్ని నేనే. మా ప్రొఫెసరు గారు పిలిచి, "నువ్వు వెళ్లవయ్యా. నీకు ప్రయాణాలు బాగా పడతాయి" అన్నారు. నాకు బస్సెక్కితే వాంతులు. ఆ సంగతి ఆయనతో అనే ధైర్యం లేక, "చిత్తమండీ" అన్నాను.

విశ్వవిద్యాలయం తరఫున కానుకగా ఒక మైక్రోస్కోపు ఇచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని రైల్లో వెళ్లి, నూజివీడు స్టేషనులో దిగాను. దిగాక తెలిసింది, ఆ స్టేషను ఉన్నది బాపులపాడు పక్కనని. ఊరికి మళ్లీ బస్సెక్కాలి. మే నెల. నేను కోటు, టై వేసుకుని ఉన్నాను. బస్సులో మైక్రోస్కోపు పెట్టె మీద తల వాల్చి, దారి పొడుగునా కళ్లు మూసుకుని కూర్చున్నాను. పక్కాయన పెట్టెలో దేవుడున్నాడనుకుని రెండుసార్లు దండం పెట్టాడు.

కాలేజీలో నన్ను ఎదురుకోలుతో తీసుకెళ్లారు. నేను ఇంగ్లీషులో గంటంబావు ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత పళ్లెంలో చిన్న రసాలు పెట్టారు. రసాన్ని పిసికి, ముచ్చిక తీసి, జుర్రుకుని తింటారని నాకు తెలియక కాదు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వాడు మోచేతుల దాకా కార్చుకుంటే బాగుండదనుకున్నాను. అందుకని, "ఒక చాకు ఇప్పిస్తారా?" అని అడిగాను.

నూజివీడులో రసాన్ని చాకుతో కోసే మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. ప్రిన్సిపాలు గారు మర్యాద తెలిసిన మనిషి, చాకు తెప్పించారు. కోశాను. టై మీదా, కోటు మీదా, ఉపన్యాసం కాగితాల మీదా రసం కారింది. అందరూ కిటికీ వైపు తిరిగి దగ్గారు. ఒక్కాయన మాత్రం నవ్వకుండా చెంబుతో నీళ్లు తెచ్చి, "ఇలా రండి సార్, ఆరితే మరక పోదు" అన్నాడు. ఆయన పేరు కోటేశ్వరరావు. ఆ కాలేజీలో వృక్షశాస్త్రానికి ఉన్న ఒకే ఒక లెక్చరరు.

ఈ కథంతా ఆయనది. రెడ్డిగూడెం మామిడి తోటల్లో అంట్లు కట్టే కూలీ మనిషి కొడుకు. ఆ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మా పథకంలో కాలేజీకొక సీటు ఉండేది. ఆ కాలేజీ లెక్చరరు ఒకరు ఉద్యోగం వదలకుండానే మా దగ్గర పిహెచ్.డి. చేసుకోవచ్చు. దానికి కావలసింది మా సిఫార్సు, అంటే నా సంతకం. ఆయనకు అంతకంటే వేరే దారి లేదు. ఉద్యోగం మానుకుని చదువుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు, ఏ నసుగుడూ లేకుండా.

తలకాయ ఎవరిది

మా ప్రొఫెసరు గారు నన్ను పంపేటప్పుడు ఒక సూత్రం చెప్పారు. "ఇటువంటి పనుల్లో వాళ్లు కాళ్లు, మనం తలకాయ. అది మర్చిపోకు." నేను డైరీలో రాసుకున్నాను కూడా. ఇప్పుడు ఆ పేజీ చూస్తే, కింద గీత కూడా గీసి ఉంది.

తీరా చూస్తే ఆలోచన కాళ్ల దగ్గరే ఉంది. మామిడి పూతకు బూడిద తెగులని ఒకటి వస్తుంది. పూత మీద బూడిద చల్లినట్టు తెల్లగా పట్టి, గుత్తులకు గుత్తులు నల్లబడి రాలిపోతాయి. తెల్లారగట్ల మంచు తడి ఆరకముందే గంధకం పొడి చల్లితే పూత నిలబడుతుందని కోటేశ్వరరావు గమనించాడు. మూడేళ్లుగా సైకిలు మీద తోటల వెంట తిరుగుతూ నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. అదంతా నాకు ఒక సాయంత్రం కాలేజీ అరుగు మీద చెప్పాడు. నేను తలాడిస్తూ విన్నాను. రైలెక్కేసరికి అది నా ఆలోచన అయిపోయింది. ప్రొఫెసరు గారికి అలాగే చెప్పాను కూడా.

ఆ తర్వాతి జనవరిలో, రెడ్డిగూడెంలో ఒక పాత తోటలో ప్రయోగం మొదలుపెట్టాం. అరవై చెట్లు. ముప్ఫై చెట్లకు గంధకం, ముప్ఫైకి ఏమీ లేదు. ఏప్రిల్ ఆఖర్లో కాయలు లెక్కపెట్టి పోల్చాలి. ఇంతకంటే సులువైన ప్రయోగం ఉండదు. అందులో నేను పాడుచేయడానికి చోటెక్కడుందని మీకు సందేహం రావచ్చు.

కోటేశ్వరరావు నోటుబుక్కు తెరిచి చూశాను. చెట్టుకొక పేరు రాసి ఉంది. పాలచెట్టు, గూనిది, కవలలు, సూరమ్మ గొడ్డు, బావి చెట్టు, పీచుది. అవి అంటు కట్టిన చెట్లు కావు, టెంకల నుంచి లేచిన పాత చెట్లు. దేని కాయ రుచి దానిది. తోటలో పనిచేసేవాళ్లు పిల్లలకు పెట్టినట్టు పేర్లు పెట్టుకున్నారు.

"ఇదేం పరిశోధన అండీ? సూరమ్మ ఎవరు?" అన్నాను.

"ఆ చెట్టు కింద సూరమ్మ అనే ఆవిడ ఉండేదట సార్. దానికి కాపు రాదు. అందుకని సూరమ్మ గొడ్డు అంటారు."

"శాస్త్రంలో చెట్లకు పేర్లుండవు. నంబర్లుంటాయి" అన్నాను. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజే మరో రెండుసార్లు వాడాను.

బెజవాడలో చేయించిన రేకు బిళ్లలు సంచిలోంచి తీశాను. గంధకం వేసే చెట్లకు ఎర్ర రంగు బిళ్లలు, వెయ్యని వాటికి తెల్లవి. ఒక్కోదాని మీద నంబరు. తీగెతో కొమ్మలకు కట్టించాను. కోటేశ్వరరావు తన పుస్తకంలో ప్రతి పేరు పక్కనా నా నంబరు రాసుకున్నాడు. పాలచెట్టు పదిహేడు, ఎరుపు. అది నా మాట మన్నించడమే అనుకున్నాను.

తోటకు కాపలా ఉండే ఆవిడ వెంకాయమ్మ. యాభై ఏళ్లుంటాయి. పూత మొదలైన దగ్గర్నుంచి కాయ కోత దాకా, కోతుల్నీ దొంగల్నీ తోలుతూ అక్కడే పాక వేసుకుని ఉండేది. ఆ ఏటి పూత మీద తోట కొనుక్కున్న వ్యాపారి ఆవిణ్ని పెట్టాడు. బిళ్లలు కడుతుంటే నా వెనకే తిరుగుతూ అడిగింది.

"ఎందుకండీ బాబుగారూ ఈ బిళ్లలు?"

నేను తల తిప్పకుండానే, "అది నీకు అర్థం కాదులే" అన్నాను.

ఇది చదివే పిల్లలకు ఒక్క మాట. నేను చేసిన తప్పులు ఈ కథలో చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికీ తల్లి ఈ మాటే. అర నిమిషం ఆగి చెప్పి ఉంటే, మిగతాదేమీ జరిగేది కాదు. ఆ అర నిమిషంలో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కోటు మీద పడిన పూత దులుపుకోవడం.

నా రెండు రోజుల లెక్క

గంధకం చల్లేటప్పుడు నేను ఒక్క ఉదయమే ఉన్నాను. మంచుకు జలుబు చేసింది, వెళ్లిపోయాను. మిగతా పదిహేను ఉదయాలూ కోటేశ్వరరావు, ఇద్దరు కూలీలు చీకటితో లేచి, పల్చటి గుడ్డలో గంధకం మూట కట్టి, గెడకర్ర చివర తగిలించి, చెట్టు చెట్టుకీ దులిపారు.

ఏప్రిల్ ఆఖర్లో ఆయన కాయలు లెక్కపెట్టి పంపాడు. గంధకం వేసిన చెట్లకు దాదాపు రెట్టింపు కాపు. అంత మంచి ఫలితం వస్తే సంతోషించాలి కదా. నాకు అనుమానం వచ్చింది. పుస్తకాలు లేని కాలేజీ, పొద్దస్తమానం రైతుల మధ్య తిరిగే మనిషి, లెక్క కాస్త అటూ ఇటూ చేసి ఉంటాడనిపించింది. స్వయంగా చూస్తానని బయల్దేరాను. అప్పుడు ఆయన విద్యార్థుల పరీక్షల పనిలో ఉన్నాడు. నేను కబురు కూడా పెట్టలేదు.

గొడుగు వేసుకుని, రెండు రోజులు అరవై చెట్ల చుట్టూ తిరిగి, మెడ పట్టేసేలా పైకి చూస్తూ లెక్కపెట్టాను. ఎర్ర బిళ్ల కనబడగానే ఒక వరస, తెల్ల బిళ్ల కనబడగానే ఇంకో వరస. గంధకం వేసిన చెట్లకు కాపు తక్కువ వచ్చింది. వెయ్యని వాటికే ఎక్కువ. అందులో కొన్ని ఎర్ర బిళ్ల చెట్లకు ఒక్క కాయ కూడా లేదు. నేను నంబరు చూశాను గానీ చెట్టు వైపు చూడలేదు. చూసినా నాకు తెలిసేది కాదు.

నా లెక్క ఆయనకు పంపించాను. వారం తిరక్కుండా కోటేశ్వరరావు నోటుబుక్కు పట్టుకుని మా విభాగానికే వచ్చాడు. రాత్రంతా రైల్లో నిలబడే వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా బొగ్గు మసి.

"సార్, మీరు పదిహేడు అని రాసింది పాలచెట్టు కాదండీ, సూరమ్మ గొడ్డు. నేను పరీక్షలయ్యాక వెళ్లి చూశాను. పదకొండు జతల చెట్లకు బిళ్లలు అటుదిటు మారిపోయాయి. ఒకసారి మీరూ రండి, ఇద్దరం కలిసి చూద్దాం."

"బిళ్లలు మారడమేంటండీ, నడిచి వెళ్లాయా?"

"ఎవరో మార్చారు సార్."

"ఎవరు?"

ఆయన నోటుబుక్కు నా బల్ల మీద పెట్టాడు. "అది అడక్కండి సార్. గంధకం ఏ చెట్లకు వేశానో నా చేతులకు తెలుసు. పేర్లతో సహా రాసుకున్నాను. ఈ పుస్తకం చూడండి చాలు."

"ఎవరు మార్చారో మీకు తెలుసు, చెప్పరు. నేను మాత్రం నమ్మాలి."

"అవునండీ" అన్నాడు.

ఆ "అవునండీ"లో పొగరు ఉందనుకున్నాను. నా గదిలో కుర్చీ ఖాళీగా ఉన్నా ఆయన్ని కూర్చోమనలేదన్న సంగతి నాకు ఆ రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా ఉత్తరం రాయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని అంటారు చూడండి, నేను అంతకంటే ఒక అడుగు ముందుకెళ్లాను. ఎదుటివాడు పట్టిన కుందేలుకు నాలుగో కాలు ఎక్కడిదని నిలదీశాను.

ఒక్క వాక్యం

మా ప్రొఫెసరు గారు రెండు లెక్కలూ చూసి, రెండో ఆలోచన లేకుండా నాది తీసుకున్నారు. గంధకం వల్ల ప్రయోజనం లేదని వ్యాసం రాశాను. మా పత్రికలో వేశారు. రచయితలు ప్రొఫెసరు గారు, నేను. కింద చిన్న అక్షరాల్లో, "స్థానికంగా సహాయం అందించినందుకు శ్రీ కోటేశ్వరరావు గారికి కృతజ్ఞతలు" అని ఒక్క వాక్యం. అది కూడా ప్రొఫెసరు గారు అక్కర్లేదన్నారు. నేను పట్టుబట్టి ఉంచాను. ఆ రోజు నా ఉదారతకు నేనే మురిసిపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. రైతులకు ఉపయోగపడాలని అదే సంగతి తెలుగులో కరపత్రం రాయించి, రెడ్డిగూడెంలోనూ చుట్టుపక్కలా పంచిపెట్టించాను. "విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలినది" అని పైన పెద్ద అక్షరాలు.

అదే నెలలో సీటు సిఫార్సు ఫారం వచ్చింది. అభ్యర్థి గురించి రహస్యంగా రాయవలసిన గడి ఒకటి ఉంది. అందులో, "ఈయన సేకరించే వివరాలు నమ్మదగినవి కావు" అని రాశాను. ఇంగ్లీషులో అది ఐదు మాటలు. సీటు రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కానీ నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆ తర్వాత నేను నూజివీడు వెళ్లినప్పుడల్లా బస్సు దగ్గరికి వచ్చి నా సంచి అందుకునేవాడు. ఒక మనిషి జీవితాన్ని ఐదు మాటల్లో ఆపేసి, ఆ మనిషి చేతే సంచి మోయించుకున్నాను.

నడిచిన బిళ్లలు

ఆ తర్వాతి ఏడు పూత విరగబూసింది. మాఘంలో వరసగా మంచు కురిసింది. బూడిద తెగులు పట్టింది. అంతకుముందు గంధకం చల్లుకునే నలుగురైదుగురు రైతులు కూడా కరపత్రం చదివి మానేశారు. తెగులు మీద వ్యాసం రాసినవాణ్ని కాబట్టి చూసి రమ్మని నన్నే పంపారు.

రెడ్డిగూడెం తోటలోకి అడుగు పెడితే కాలి కింద ఎండిన పూత పరపరలాడింది. చెట్ల మీద పిందె లేదు. కోటేశ్వరరావు పక్కనే నడుస్తున్నాడు. "నేను చెప్పలేదా?" అని ఒక్కసారి అని ఉంటే నాకు హాయిగా ఉండేది. పాకలో వెంకాయమ్మ గిన్నెలూ చాపా మూట కట్టుకుంటోంది. కాపు లేనప్పుడు కాపలా ఎందుకని వ్యాపారి వెళ్లిపొమ్మన్నాడట. నన్ను చూసి లేచి నిలబడింది.

"బాబుగారూ, ఇంక నాకు పోయేదేం లేదు. చెప్పేత్తన్నాను. ఆ బిళ్లలు నేనే మార్చానండి."

"నువ్వా? ఎందుకు?"

"పక్క తోటలో కలప షావుకారు వచ్చి చెట్లకి ఎర్ర రంగు పూసి నంబర్లేశాడండి. నాలుగు రోజుల్లో అన్నీ కొట్టేశారు. ఇక్కడ చూత్తే పాలచెట్టుకి ఎర్ర బిళ్ల, కవలలకి ఎర్ర బిళ్ల. మంచి చెట్లకి చాలాటికి ఎర్రవే. నాకు నిద్ర పట్టలేదండి. ఆటి ఎర్రవి ఇప్పి, కాపు లేని గొడ్డు చెట్లకి కట్టేశాను. ఆటికున్న తెల్లవి తెచ్చి ఈటికి కట్టాను. కొట్టుకుంటే ఆటినే కొట్టుకుంటారు గదా అని."

"నన్ను అడగొచ్చు కదా వెంకాయమ్మా?"

"అడిగానండి. నాకు అర్థం కాదన్నారు."

నేను ఆ పాక ముందు మట్టిలో కూర్చుండిపోయాను. కోటు గురించి ఆలోచించలేదు. కోటేశ్వరరావుతో, "ఇది మీకు ఆ రోజే తెలుసు కదండీ. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే మీరు వ్యాపారిని అడుగుతారు సార్. అతను పిన్నిని ఆ పూటే పంపించేస్తాడు. సీటు పోతే నాకు ఉద్యోగం ఉంది. పిన్నికి ఈ కాపలా తప్ప ఏముందండీ?"

ఆయన ఆవిణ్ని పిన్ని అన్నది ఊరి వరసతో. ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒక వరసే. నాకు ఆ తోటలో ఒక్కరితోనూ ఏ వరసా లేదు. రెండేళ్లుగా అక్కడికి వస్తూపోతూ, ఒక్క మనిషికి నా పేరైనా చెప్పలేదు.

సవరణ

సవరణ రాయడానికి అరగంట పట్టింది. పంపడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాది సంగతి ఎవరి మీదికీ నెట్టను. ప్రొఫెసరు గారు వద్దన్నమాట నిజమే. "ఏమయ్యా, విశ్వవిద్యాలయం ఒక తోట కాపలా మనిషిని నమ్మి వెనక్కి తగ్గిందంటే మనల్ని ఎవరు లెక్కచేస్తారు? చిన్న కాలేజీల ముందు మన పరువేం కాను?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నా పెళ్లికి ఊరంతా పిలిచింది ఆయనే. అయితే ఆయన వద్దన్నందుకు నేను ఆగలేదు. రీడరు పదవికి ఇంటర్వ్యూ దగ్గర్లో ఉంది, అందుకని ఆగాను. ప్రొఫెసరు గారి మాట నాకు మంచి సాకుగా దొరికింది. ఇంటర్వ్యూ అయ్యాక కూడా రెండు నెలలు ఆగాను, పరువుగా కనిపించడానికి.

చివరికి ఒకనాడు మా ఆవిడే, సొరుగులోంచి ఆ కాగితం తీసి, "ఇది పోస్టు చేస్తారా, లేక నన్ను చెయ్యమంటారా?" అంది. పోస్టు చేశాను. కొంపలంటుకుంటాయని వారం రోజులు నిద్ర లేదు. ఏమీ కాలేదు. పత్రిక సంపాదకుడి దగ్గర్నుంచి, మొదటి వ్యాసం గురించి ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి సవరణ అవసరమా అని జవాబు వచ్చింది. అప్పుడు తెలిసింది, నా వ్యాసాన్ని ఎవరూ చదవలేదని. ప్రపంచంలో నన్ను చదివి నమ్మినవాళ్లు రెడ్డిగూడెం రైతులొక్కరే, వాళ్ల పూతే రాలిపోయింది.

సవరణ వేయించాను. కరపత్రం మళ్లీ వేసి, ఈసారి స్వయంగా ఊరూరా తిరిగి ఇచ్చాను. జి. కొండూరు వైపు ఒక రైతు అది తీసుకుని, "ముందటేడు కూడా మీరేగా ఇచ్చింది?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే ఇది దేన్నిబట్టి నమ్మమంటారు?" అన్నాడు. "దీన్ని నేను రాయలేదండీ, కోటేశ్వరరావు గారు రాశారు" అన్నాను. అప్పుడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫారంలో రాసిన ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటూ ఇంకో ఉత్తరం రాశాను. "నమ్మదగనివి నా వివరాలే" అని అందులో రాసి, సంతకం పెట్టి, నకలు ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, నోటుబుక్కులో పెట్టుకున్నాడు.

"ఇంక మళ్లీ తోటకి వెళ్దామా సార్? జనవరి వస్తోంది" అన్నాడు.

స్థానిక సహాయం

ఈసారి ప్రయోగం ఆయనది. నేను పథకం తరఫున వెళ్లేవాణ్ని, అంతే. మొదటి పని వెంకాయమ్మను మళ్లీ తోటలోకి తీసుకురావడం. ఆవిడ ముందు నడుస్తూ ఒక్కో చెట్టు పేరూ చెప్పింది, కోటేశ్వరరావు రాసుకున్నాడు, నేను బిళ్లలు కట్టాను. ఈసారి బిళ్లల మీద రంగులు లేవు. ఎందుకు కడుతున్నామో, ఏ చెట్టునూ ఎవరూ కొట్టరనీ ముందే ఆవిడకు చెప్పాను. మొత్తం విని, "ఇంతేనా?" అంది.

రెండు కాపుల కాలం తెల్లారగట్ల లేచాను. గెడకర్ర పట్టుకుని గంధకం దులపడం నాకు వచ్చేది కాదు. సగం నా నెత్తి మీదే పడేది. పసుపు రాసిన పెళ్లికొడుకులా ఉన్నానని వెంకాయమ్మ నవ్వేది. మూట ఎంత బిగించాలో, ఏ వైపు గాలికి నిలబడాలో కోటేశ్వరరావు ఓపిగ్గా చూపించేవాడు. కోటు ఇంటి దగ్గరే వదిలేశాను. కాయలు పండాక, మధ్యాహ్నాలు పాకలో కూర్చుని, పాలచెట్టు రసాలు మోచేతుల దాకా కార్చుకుంటూ తినేవాళ్లం. ఇన్నాళ్ల ఉద్యోగంలో నేను పరిశోధన అంటూ చేసింది బహుశా ఆ రెండేళ్లే.

సీటు వచ్చింది. నా ఐదు మాటల వల్ల ఆయనకు పోయిన నాలుగేళ్లు మాత్రం రాలేదు. ఆ నాలుగేళ్లలో ఆయన తండ్రి చనిపోయాడు. కొడుకు డాక్టరవుతాడని తోటల్లో అందరికీ చెప్పుకున్న మనిషి. నేను ఎన్ని సవరణలు వేయించినా దాన్ని సరిచేయలేకపోయాను. కోటేశ్వరరావు ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేనే అనుకుంటూ ఉంటాను.

థీసిస్ పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పట్టికల దగ్గర ఆగి, "ఏంటండీ ఇది? నంబర్ల పక్కన ఈ పేర్లేంటి? గూనిది, పాలచెట్టు?" అన్నారు. మా ప్రొఫెసరు గారు నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకుని, "చెట్ల పేర్లండీ. అవి లేకపోతే ఈ పట్టిక తప్పు" అన్నాను. కోటేశ్వరరావు బల్ల మీదున్న తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

డిగ్రీ వచ్చాక ఆయన ఒక ప్రతి తెచ్చి ఇచ్చాడు. గోధుమరంగు అట్ట, నా పేరు మీద "గౌరవంతో" అని రాసి ఉంది. ఆయన వెళ్లే దాకా తెరవలేదు. తెరిచి, అందరిలాగే ముందు కృతజ్ఞతల పేజీ తీశాను. మొదటి పేరు ఆయన తండ్రిది. రెండో పేరు వెంకాయమ్మది, ఇంటిపేరుతో సహా. నా పేరు కోసం వెతుక్కుంటూ కిందికొచ్చాను. అన్నిటికంటే కింద, చివరి వాక్యంలో ఉంది. స్థానికంగా సహాయం అందించినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

అది నా వాక్యమే. నా వ్యాసం కింద చిన్న అక్షరాల్లో నేను వేసిందే, ఒక్క పేరు తప్ప ఒక్క మాట మార్చలేదు. ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత ఒక్కణ్నే కూర్చుని చాలాసేపు నవ్వాను. మా ఆవిడ వచ్చి ఏమైందంటే పేజీ చూపించాను. ఆవిడ చదివి, "తప్పేముంది? చేసింది అదే కదా" అంది.

నిజమే. నా పేరు మొదట వేసుకున్న వ్యాసాలు ఆ తర్వాత చాలానే వచ్చాయి. వాటిలో ఎన్నిటికి నేను అర్హుణ్నో నాకే సరిగ్గా తెలియదు. రెండేళ్లు చీకటితో లేచి, నెత్తి మీద గంధకం పోసుకుని సంపాదించుకున్నాను కాబట్టి, ఆ ఒక్క వాక్యం మాత్రం నాదేనని ధైర్యంగా చెప్పగలను.